పదిమంది దేవుళ్లు, ఒకటే టికెట్టు

తిరుపతిలో సిమెంటుకు పోటీ లేదని ఎవరైనా అంటే వాళ్లను రేణిగుంట రోడ్డు మీద ఒక రౌండు తిప్పుకురండి. ఖాళీ గోడ కనబడితే దాని మీద ఒక సిమెంటు కంపెనీ, గోడ లేని చోట హోర్డింగు మీద ఇంకో సిమెంటు కంపెనీ. ఒకరిది కొండంత బలం, ఒకరిది తరతరాల నమ్మకం. ఒకరు సినిమా హీరోను నిలబెడతారు, ఒకరు క్రికెటర్ను పరిగెత్తిస్తారు. క్యాలెండరు మీద వెంకన్న బొమ్మ సైజులో పోటీ, బేల్దారులకు పెట్టే బిర్యానీ మీటింగుల్లో పోటీ, మేస్త్రీలకు పంచే టీ షర్టుల్లో పోటీ. ఇంత వీరోచితంగా కొట్లాడుకునేవాళ్లు రేటు దగ్గరికొచ్చేసరికి ఒకే తల్లి బిడ్డలైపోతారు.

కొండ మీద ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు ఎవరు కొన్నా 300 రూపాయలే. అది న్యాయం. దేవుడొక్కడు, దేవస్థానం ఒక్కటి. సిమెంటుకు దేవుళ్లు పదిమందికి తక్కువ లేరు. టికెట్టు మాత్రం ఒకటే రేటు.

పోనీ, సరుకు సముద్రాలు దాటి రావాలా అంటే అదీ కాదు. ఎర్రగుంట్ల, చిలమకూరు, కమలాపురం, జమ్మలమడుగు, తాడిపత్రి. సున్నపురాయి మీద ఫ్యాక్టరీలు వరసగా కూర్చున్న ఊళ్లు. రాత్రి భోంచేసి లారీ ఎక్కిన డ్రైవరు తెల్లారేసరికి తిరుపతిలో కాఫీ తాగొచ్చు. కొరత ఉందా అంటే అంతకన్నా లేదు. దక్షిణాదిలో అవసరానికి మించి ఫ్యాక్టరీలు కట్టేశామని, ఉన్న సామర్థ్యంలో సగానికి కొంచెం అటూ ఇటుగానే వాడుకోగలుగుతున్నామని ఆ పరిశ్రమవాళ్లే ఏటా వాటాదారుల ముందు కళ్లు తుడుచుకుంటారు.

సరుకెక్కువైతే ధర దిగాలని మదనపల్లె టమోటా మార్కెట్టు మనకు పాఠం చెప్పింది. అక్కడ పంట విరగకాస్తే కిలో రూపాయికి పడిపోతుంది, రైతు బుట్టలు రోడ్డు మీద పారబోసి ఇంటికి పోతాడు. పాపం, టమోటా రైతులకు పోటీ చట్టం ఒకటుందని తెలియదు. అందుకే దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. చట్టం తెలిసినవాళ్ల సంగతి వేరు. సరుకెక్కువైతే వాళ్ల ఫ్యాక్టరీ నిద్రపోతుంది, రేటు మాత్రం మేలుకునే ఉంటుంది.

అంకణాల లెక్కన అప్పు చేసి స్థలం కొని, ముగ్గు పోసి, బేస్‌మట్టం దాకా తెచ్చినవాడు బేరమాడదామని షాపుకు పోతాడు. తిరుపతైనా చిత్తూరైనా ఈ సంభాషణ ఒకటే.

"ఏందన్నా, ఈడ గూడా అదే రేటా?"

"మేం జేసేదేముండాది సార్, కంపెనీవోళ్లు ఏసిందే రేటు."

"మల్ల పక్క షాపులో?"

"ఆయప్పా అదే చెప్తాడు. కావాలంటే పోయి అడిగి రాండి. వొచ్చేటప్పుడు నాకూ ఒక మాట చెప్పండి, మా రేటు పెరిగిందేమో తెలుస్తాది."

ఆ షాపాయన అబద్ధమాడటం లేదు. ఈ నాటకంలో ఆయనకూ డైలాగు ఎవరో రాసిస్తారు. పొద్దున్నే కంపెనీ ఆఫీసరు దగ్గర్నించి వాట్సాప్‌లో ఒక ముక్క వస్తుంది: రేపట్నించి బస్తాకు ఇరవై. ఎందుకని అడిగితే బొగ్గు అంటాడు, డీజిలంటాడు, వానలంటాడు, వానలు వెలిశాయంటాడు. అంతకన్నా విచిత్రం, షాపాయనకు తన అసలు కొనుగోలు ధర అమ్మిన రోజుకు తెలియదు. కంపెనీ బిల్లు ఒక రేటుకు వేస్తుంది. నెలాఖరుకో, మూడు నెలలకో "స్కీము" పేరుతో, "క్వాంటిటీ డిస్కౌంటు" పేరుతో క్రెడిట్ నోటు ఒకటి పంపుతుంది. అది ఎంతకొస్తుందో కంపెనీ దయ. చెప్పిన రేటు కన్నా తగ్గించి అమ్మాడని పక్క డీలరు ఫిర్యాదు చేస్తే ఆ దయ తగ్గుతుంది. కాబట్టి రెండు రూపాయలు తగ్గించి నాలుగు బస్తాలు ఎక్కువ అమ్ముకుందామన్న పాత కోమటి కొట్టు తెలివి ఇక్కడ పాపం కింద లెక్క. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే మిల్లులో నలిగిన బూడిదరంగు పొడికి షాపుల కోసం ట్రేడు రేటొకటి, బిల్డర్ల కోసం నాన్ ట్రేడు రేటొకటి. పెద్ద బిల్డరుకిచ్చే బస్తా మీద "తిరిగి అమ్మరాదు" అని అచ్చు గుద్ది మరీ పంపుతారు. దేవుడి ప్రసాదం కన్నా కట్టుదిట్టం. లడ్డూనైనా పక్కవాడికి పెట్టొచ్చు.

బస్తాకు ఇరవై అంటే ఏమంత, అంటారు పెద్దలు. వెయ్యి చదరపుటడుగుల మామూలు ఇంటికి ఓ నాలుగు వందల బస్తాలు తింటుందని ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. వాట్సాప్‌లో వచ్చిన ఆ ఒక్క ముక్క ఖరీదు ఎనిమిది వేలు. గుమ్మం తలుపు వెళ్లిపోయింది.

ఇదంతా టీ బంకు దగ్గరి అనుమానమని కొట్టిపారేయడానికి వీల్లేదు. బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు మీద ఆ పోటీ చట్టాన్ని అమలు చేసే ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ విచారించి, 2012 జూన్ 20న 11 సిమెంటు కంపెనీలకూ వాళ్ల సంఘానికీ కలిపి 6,300 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. అందులో ఏసీసీ, అంబుజా, అల్ట్రాటెక్, జేపీ, మన ఎర్రగుంట్ల చిలమకూరుల ఇండియా సిమెంట్స్, రామ్‌కో బస్తాలు చేసే మద్రాస్ సిమెంట్స్ అందరూ ఉన్నారు. పెట్టుబడిదారీ వ్యవస్థ మీద నమ్మకమున్నవాళ్లు ఆ ఉత్తర్వు తప్పకుండా చదవాలి, హాస్యరసం దొరుకుతుంది. 2009-10లో సామర్థ్యంలో 83 శాతం వాడిన ఫ్యాక్టరీలు మరుసటేడు 73కు దిగాయి, ధరలు మాత్రం ఎక్కాయి. సంఘం మీటింగులు జరిగాయి, ఆ వెనకాలే రేట్లు పెరిగాయి. ఏసీసీ, అంబుజా అప్పటికే సంఘంలోంచి బయటికొచ్చామన్నాయి, మీటింగులకు మాత్రం వచ్చి కూర్చున్నాయి. పెళ్లికి పిలుపు లేకపోయినా పంక్తి భోజనానికి లేటవని చుట్టాలు అందరి ఇళ్లల్లోనూ ఉంటారు కదా, ఇక్కడా ఉన్నారు.

సంఘం ఊరూరి ధరలు సేకరించి పెట్టుకుంటోంది కదా, అదెందుకని అడిగితే వచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది: ప్రభుత్వం అడిగింది, ప్రభుత్వానికి ఇవ్వడానికే. ధరల మీద నిఘా ఉంచుదామని సర్కారు లెక్కలు అడిగింది, ఆ వంకన ఒకరి ధర ఒకరికి తెలిసే ఏర్పాటు దర్జాగా అమరింది. కావలికి పెట్టిన కుక్కకు దొంగే రోజూ అన్నం పెట్టి మచ్చిక చేసుకున్నాడనుకుంటే మనం పొరబడినట్టు. అన్నం పెట్టమని ఇంటాయనే దొంగకు చెప్పాడు.

కంపెనీలు తప్పు చేశామని ఎన్నడూ ఒప్పుకోలేదు. మేం కూడబలుక్కున్నామనే కాగితం ఏదీ, రేట్లు కలిసి నడిచినంత మాత్రాన కుమ్మక్కేనా అన్నది వాళ్ల వాదన. సరే, కోర్టులున్నాయి. అప్పీలు ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో ఆ ఉత్తర్వును కొట్టేసింది. కారణం, వాదనలు విన్న బెంచిలో లేనాయన తీర్పు మీద సంతకం పెట్టారట. కమిషన్ మళ్లీ కూర్చుని విని 2016 ఆగస్టు 31న మళ్లీ జరిమానా వేసింది, ఈసారి 6,700 కోట్ల దాకా. 2018 జూలైలో పై ట్రిబ్యునల్ అది సరే అంది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు పది శాతం కట్టి ఆగండి అంది. ఆగారు. 2010లో ఇల్లు కట్టినవాడి పిల్లలు ఆ ఇంటి మీద రెండో అంతస్తు వేశారు, మిద్దె మీద మిద్దె లేచింది, కేసు మాత్రం ఇంకా క్యూరింగులోనే ఉంది.

ఈలోగా కంపెనీలు చట్టాన్ని గౌరవించే మార్గం ఒకటి కనిపెట్టాయి. ఇద్దరు వేర్వేరు వ్యాపారులు కలిసి ధర నిర్ణయిస్తే నేరం. ఇద్దరూ ఒక్కరే అయిపోతే? నేరం కాదు, అభివృద్ధి. జరిమానా పడిన జాబితాలోంచి జేపీ ఫ్యాక్టరీలు చాలావాటిని 2017లో అల్ట్రాటెక్ కొనేసింది. 2018లో బినానీ, ఆ తర్వాత సెంచురీ సిమెంటు, 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్. ఏసీసీ, అంబుజాలు 2022లో అదానీల ఇంటికి చేరాయి. 2024లో ఆ ఇంటికే మన తాడిపత్రి పెన్నా సిమెంటు కూడా వెళ్లింది. లెక్క కట్టుకోండి. తాడిపత్రిలో ఒకప్పటి ఎల్ అండ్ టీ ఫ్యాక్టరీ, చిలమకూరు, ఎర్రగుంట్ల ఇప్పుడు ఒకే యజమాని అల్ట్రాటెక్ కింద. తాడిపత్రి పెన్నా, బోయరెడ్డిపల్లె పెన్నా ఇంకో యజమాని కింద. కమలాపురం పక్కన భారతి సిమెంటులో 51 శాతం 2010 నించే ఫ్రాన్సు కంపెనీ వికాది. కుమ్మక్కు కోసం ఇదివరకు ముంబయి హోటల్లో గది బుక్ చేయాల్సి వచ్చేదని ఆరోపణ. ఇకమీదట ఒక ఆఫీసులో ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి జరిగితే చాలు. టీ ఖర్చులు కూడా మిగులుతాయి. ఈ కొనుగోళ్లలో ఇండియా సిమెంట్స్‌దానికి అనుమతి ముద్ర వేసింది ఎవరనుకుంటున్నారు? అదే కాంపిటీషన్ కమిషన్.

బస్తాకు న్యాయమైన ధర ఎంతో ప్రభుత్వానికి తెలియదా అంటే తెలుసు. రాతపూర్వకంగా తెలుసు. 2020లో "వైఎస్సార్ నిర్మాణ్" పేరుతో రాష్ట్ర ప్రభుత్వం కంపెనీలన్నిటినీ కూర్చోబెట్టి మాట్లాడింది. పేదల ఇళ్లకూ ప్రభుత్వ పనులకూ పీపీసీ రకం సిమెంటు బస్తా 225, ఓపీసీ రకం బస్తా 235 అని కంపెనీలు ఒప్పుకున్నాయి. అంతకుముందు చంద్రబాబు ప్రభుత్వమూ ఇలాంటి ఒప్పందమే చేసుకుంది. అదే రోజుల్లో తిరుపతి షాపులో బస్తా 350కి అటూ ఇటూ. బొగ్గు ఒకటే, డీజిలు ఒకటే, వాన ఒకటే. కలెక్టరాఫీసు గోడకు పోసే సిమెంటుకు ఖర్చు తక్కువ, దాని ఎదురుగా గుమాస్తా కట్టుకునే ఇంటికి పోసే సిమెంటుకు ఖర్చు ఎక్కువ. నాలుగు వందల బస్తాల మీద ఈ తేడా నలభై వేలు దాటుతుంది.

నాకు ప్రభుత్వం మీద ఉన్న కోపమంతా ఈ ఒక్క చోటే. ధర బజారులో పుట్టదు, గదిలో పుడుతుందని దానికి మనకన్నా బాగా తెలుసు. ఆ గదిలోకి వెళ్లింది, కుర్చీ లాక్కుని కూర్చుంది, తన వాటా బేరం చేసుకుంది, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. బయట వరండాలో నిలబడ్డ మనతో "మార్కెట్టులో మేం జోక్యం చేసుకోం" అంది.

కాట్పాడి గేటు దాటితే ఇదే వరండా వేరేగా ఉండేది. తమిళనాడులో జయలలిత ప్రభుత్వం 2015 జనవరిలో "అమ్మ సిమెంటు" మొదలుపెట్టింది. ప్రైవేటు కంపెనీల దగ్గరే కొని, పౌరసరఫరాల గోడౌన్లలో పెట్టి, సొంత ఇల్లు కట్టుకునేవాడికి ప్లాను చూపిస్తే బస్తా 190కి ఇచ్చింది. అవకతవకలు లేవని కాదు. గోడౌనులో సరుకు లేదన్నవాళ్లూ ఉన్నారు, చేతులు తడపాల్సి వచ్చిందన్నవాళ్లూ ఉన్నారు. అయినా సర్కారు తన బేరం జనానికి పంచడం అనేది జరిగిన పని, జరగలేని పని కాదు. చిత్తూరు నించి వేలూరు ఆసుపత్రికి పోయే మనవాళ్లు రోడ్డు పక్క ఆ గోడౌన్లు చూసుకుంటూనే పోయారు. మన నాయకులు కూడా ఆ దారినే పోతుంటారు. కారు అద్దాలు నల్లవి, కనబడి ఉండదు.

2025 సెప్టెంబరు 22 నించి సిమెంటు మీద జీఎస్టీ 28 నించి 18కి దిగింది. 350 రూపాయల బస్తా మీద 27 రూపాయలు. మంచిదే. కాకపోతే పన్ను దించడం ప్రభుత్వం చేతిలో ఉంది, ఆ ఖాళీ మెట్టు మీదికి రేటు మళ్లీ ఎప్పుడెక్కుతుందో ఏ గెజిట్‌లోనూ రాయరు. వాట్సాప్‌లో వస్తుంది.

సిమెంటంటే ఫ్యాక్టరీ సరుకు, ఇసుక దేవుడిచ్చిందే కదా అనుకుంటే దానికీ మన రాష్ట్రంలో పోటీ పెంచే ప్రయోగాలు తక్కువ జరగలేదు. 2016లో ఇసుక ఉచితం. 2019 సెప్టెంబరులో టన్ను 375, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకో. బుక్ చేయడానికి వెబ్‌సైటు తెరుచుకోక, తెరుచుకుంటే ఇసుక లేక, బేల్దారులు పనుల్లేక పస్తులున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2021లో రాష్ట్రాన్ని మూడు ప్యాకేజీలుగా చీల్చి టెండరు పిలిచారు, పోటీ బాగా ఉండాలని. మూడూ జేపీ పవర్ వెంచర్స్ ఒక్కరికే దక్కాయి, టన్ను 475. సిమెంటు జరిమానా జాబితాలో అందరికన్నా పెద్ద అంకె పడ్డ జేపీ అసోసియేట్స్‌ది కూడా అప్పటికి ఆ గ్రూపే. 2024 జూలై 8 నించి మళ్లీ ఉచితం. ఉచితమంటే ఇసుక ఉచితం. ఎత్తే జేసీబీ, మోసే టిప్పరు, ఆపకుండా పోనిచ్చే మనిషి ఉచితం కాదు. స్వర్ణముఖి ఏటి ఇసుక సొంత ఊళ్లో ఇంటికి చేరడం కన్నా చెన్నై అపార్టుమెంటుకు చేరడం తేలికని తిరుపతి జిల్లాలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు.

ఈ ఒక్కచోట వెటకారం ఆపాలి. 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీసు స్టేషను ముందు మునగలపాళెం రైతులు నిలబడి ఉన్నారు. స్వర్ణముఖిలో ఇసుక తోడేస్తున్నారు, బోర్లు ఎండిపోతున్నాయని చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు. అదుపు తప్పిన లారీ ఒకటి వాళ్ల మీదికి దూసుకొచ్చింది. పదిహేను మంది దాకా పోయారు. మన గోడల్లో ఉన్న ఇసుకకు బిల్లు లేకపోవచ్చు, ఖరీదు ఉంది.

అసలైన పోటీ చూడాలనుకునేవాళ్లు నిరాశపడక్కర్లేదు. బూడిద దగ్గర దొరుకుతుంది. సిమెంటులో కలిపే ఫ్లై యాష్ రాయలసీమ థర్మల్ కేంద్రం నించి వస్తుంది. దాన్ని తాడిపత్రి ఫ్యాక్టరీకి ఎవరి లారీలు తోలాలన్న దాని మీద 2024 నవంబరులో తాడిపత్రి జె.సి. ప్రభాకర్ రెడ్డి వర్గానికీ జమ్మలమడుగు ఆదినారాయణ రెడ్డి వర్గానికీ మధ్య గొడవై రోడ్డు మీద లారీలు నిలిచిపోయాయి, పోలీసులు మోహరించారు, ముఖ్యమంత్రి దాకా పోయింది పంచాయితీ. ఇద్దరూ అధికార కూటమి వాళ్లే. సిమెంటు రేటు తగ్గించాలని ఏ రెండు వర్గాలూ ఇన్నాళ్లలో ఒక్క లారీ ఆపలేదు. బూడిదకున్న అదృష్టం బస్తాకు లేదు.

ఏం చేస్తే బాగుపడుతుందని అడిగే అమాయకులు ఇంకా ఉన్నారు గనక చెబుతాను, కొత్త చట్టమేం అక్కర్లేదు. ప్రభుత్వం తాను కొనే రేటును మునిసిపల్ ప్లాను ఉన్న ప్రతివాడికీ ఇంటికి నాలుగొందల బస్తాల దాకా తెరవొచ్చు. క్రెడిట్ నోటు దాగుడుమూతలు ఆపి ఫ్యాక్టరీ గేటు దగ్గరి అసలు ధరే బిల్లు మీద వేయమనొచ్చు. ఆ రోజున రేణిగుంట రోడ్డులో పక్కపక్క షాపులవాళ్లు పాతకాలం లాగా ఒకరి మీద ఒకరు రెండు రూపాయలు తగ్గిస్తారు. కాంపిటీషన్ కమిషన్‌కు చెన్నైలో ప్రాంతీయ కార్యాలయం ఉంది, పుత్తూరు దాటితే పొద్దుపోకముందే చేరొచ్చు. మన బిల్డర్ల సంఘాలు ఫిర్యాదు కాగితం పట్టుకుని అక్కడికి పోవచ్చు. పోతారా? సంఘం వార్షికోత్సవానికి షామియానా, భోజనాలు స్పాన్సర్ చేసేది ఎవరో బ్యానరు మీద చూడండి, జవాబు దొరుకుతుంది.

ఇవన్నీ గట్టెక్కి, స్లాబు పడి, గోడలు లేచి రంగుల దాకా వచ్చినవాడికి చివర్లో ఒక వినోదం మిగిలుంది. రంగుల బజారులో అందరికన్నా పెద్ద వాటా ఏషియన్ పెయింట్స్‌దే. డీలర్లు తమ డబ్బాలు పెట్టుకోకుండా ఆ కంపెనీ అడ్డుపడుతోందని, పోటీని తొక్కేస్తోందని బిర్లా ఓపస్ రంగులు చేసే గ్రాసిం కమిషన్‌కు మొరపెట్టుకుంది. 2025 జూలైలో కమిషన్ విచారణకు ఆదేశించింది. తాము ఏ తప్పూ చేయలేదని ఏషియన్ పెయింట్స్ కోర్టుకెక్కినా విచారణ ఆగలేదు. ఈ గ్రాసిం ఎవరో గుర్తుపట్టారు కదా? అల్ట్రాటెక్ సిమెంటుకు కన్నతల్లి. సిమెంటు కేసులో 1,175 కోట్ల జరిమానా పడి సుప్రీంకోర్టులో ఆగి ఉన్న అల్ట్రాటెక్. రంగు డబ్బా దగ్గర పోటీ లేకపోతే ఎంత అన్యాయమో ఆ ఇంటివాళ్లు కమిషన్‌కు వివరంగా రాసిచ్చారు. ఎవరైనా ఆ కాగితంలో "రంగు" అన్నచోటల్లా "సిమెంటు" అని దిద్ది తిరిగి దాఖలు చేస్తే వకీలు ఫీజు కలిసొస్తుంది.

ఆ కేసు తేలేదాకా గోడలు ఊరికే వదిలెయ్యలేం కాబట్టి ఈ సంక్రాంతికి సున్నమే కొట్టుకుందామని మా వీధిలో ఒకాయన సలహా ఇచ్చాడు. సలహా మంచిదే. సున్నానికి కూడా సున్నపురాయే కావాలి, ఆ గుట్ట లీజు ఇప్పుడు ఎవరి పేరు మీదుందో ముందు కనుక్కుని రమ్మన్నాను.